కార్ఖానా జట్టును వెతుక్కుంటూ కుతాయిసికి

తిరిగొచ్చి పది రోజులైంది. వంటింట్లో మేకుకు వేలాడుతున్న చుర్చ్‌ఖేలాను చూసి మా పనావిడ కొవ్వొత్తి అనుకుంది. దారానికి అక్రోట్లు గుచ్చి, ద్రాక్షరసంలో పిండి కలిపి కాచిన చిక్కటి జావలో ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచి చేసే జార్జియా దేశపు మిఠాయి అది. నిజానికి అది నాది కాదు. ఎవరిదో చివర చెబుతాను.

మా చెల్లెలి కొడుకు ఆ దేశంలోని కుతాయిసి అనే ఊళ్లో వైద్యం చదువుతున్నాడు, మూడో ఏడాది. ఆ ఊళ్లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. వాణ్ణి చూసి రమ్మని చెల్లెలు పంపింది. నేను వెళ్లింది మాత్రం టార్పెడో కుతాయిసి కోసం. లారీల కార్ఖానా పేరున పుట్టిన ఫుట్‌బాల్ జట్టు అది. మా నాన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు వీరాభిమాని. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన కథను ఆయన రాత్రి అన్నాల దగ్గర రామాయణంలా చెప్పేవాడు. ఉద్యోగం పేరే జట్టు పేరైన ఆటంటే నాకు మోజు పట్టింది అక్కడే.

అక్టోబరు 3, రికోతి దారి

రాజధాని టిబిలిసిలోని దిదూబే బస్టాండులో మార్ష్రుత్కా ఎక్కాను. చిన్న బస్సు, జనం నిండితే తప్ప కదలదు. టికెట్టు 25 లారి. వాళ్ల డబ్బు పేరే లారి. ఒక లారి అంటే మనకు ముప్పై రూపాయల పైమాట. లారీలు తయారుచేసిన ఊరికి లారీలు లెక్కపెట్టి ఇచ్చి వెళ్తున్నానని నాలో నేనే నవ్వుకున్నాను. పక్కన తెలుగువాళ్లు ఎవరూ లేక ఆ హాస్యం వృథా అయింది.

సురామి దగ్గర రోడ్డుకు రెండు వైపులా ఆడవాళ్లు రొట్టెలు చేతిలో పట్టుకుని ఊపుతూ నిలబడ్డారు. నజూకి అంటారు వాటిని. దాల్చినచెక్క, లవంగం, ఎండుద్రాక్ష వేసిన తీపి రొట్టె. బావిలా ఉండే మట్టి పొయ్యి గోడకు అంటించి కాలుస్తారు. 6 లారి. వేడికి చేతులు మార్చుకుంటూ అవస్థ పడుతుంటే పక్క సీటు ఆవిడ దాన్ని లాక్కుని, వార్తాపత్రికలో చుట్టి, తిరిగి నా ఒళ్లో పెట్టింది. నవ్వలేదు. ఇక్కడివాళ్లు ముందు నవ్వరు, ముందు పని చేస్తారు. నవ్వు ఆ తర్వాత, బుద్ధి పుడితే.

గుడి కనిపించినప్పుడల్లా బస్సంతా మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంటుంది. డ్రైవరు కూడా. కొండ మలుపుల్లో ఆయన చేయి స్టీరింగు వదిలిన ప్రతిసారీ నేను మా ఇంటి దేవుణ్ణి తలుచుకున్నాను.

కుతాయిసిలో దిగగానే మేనల్లుడు దూరం నుంచి “మామా!” అని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. డ్రైవరు, నజూకి చుట్టిచ్చిన ఆవిడ, సిగరెట్టు కాలుస్తున్న ఇద్దరు ముసలివాళ్లు, అందరి ముఖాలూ వికసించాయి. ఆవిడ కళ్లు తుడుచుకుంది కూడా. నాకేమీ అర్థం కాలేదు. జార్జియన్ భాషలో ‘మామ’ అంటే నాన్న అట. అమ్మను ‘దెదా’ అంటారు. మూడేళ్ల తర్వాత తండ్రిని చూసిన కొడుకు అనుకున్నారు వాళ్లు. “ఇప్పుడు కాదని చెప్పకు మామా, బాగుండదు” అన్నాడు వాడు. చెప్పలేదు. ఆ వారమంతా నేను వాడికి నాన్ననే.

అక్టోబరు 4, బజారు, ఆ తర్వాత దారి తప్పడం

వాడికి తరగతులున్నాయి. ఒక్కణ్ణే పచ్చ బజారుకు వెళ్లాను. చీజ్ ముద్దలు, పచ్చళ్ల డబ్బాలు, కొత్త ద్రాక్ష గంపలు. ఒక ముసలావిడ ముందు పసుపుపచ్చ పొడి కుప్పగా పోసి ఉంది. పసుపే అనుకుని వాసన చూశాను. పసుపు కాదు, బంతిపూల రేకుల పొడి! ఇమెరేతి కుంకుమపువ్వు అంటారు దాన్ని, ఇమెరేతి ఈ ప్రాంతం పేరు. మనం గుమ్మానికి కట్టే పువ్వును వీళ్లు కూరలో వేస్తారు. పక్కనే నీలి మెంతి పొడి, మన మెంతికి దగ్గరి చుట్టం, చేదు తక్కువ. త్కెమాలి అనే పుల్లటి ప్లమ్ పళ్ల పచ్చడి చెంచాతో నాలుక మీద వేసింది. గోంగూర ఎరిగిన నాలుక కదా, వెంటనే బంధుత్వం కలిపింది. ఒక సీసా 7 లారి. బేరమాడితే ఆవిడ ధర తగ్గించలేదు, కానీ గుప్పెడు బంతి పొడి ఊరికే కట్టిచ్చింది. రూపాయి తగ్గదు, చేయి మాత్రం తెరుచుకుంటుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది.

తర్వాత చేసిన పని నా పొరపాటే. టాక్సీ ఎక్కి “టార్పెడో” అన్నాను. డ్రైవరు ఏదో అడిగాడు. తెలివి ప్రదర్శించబోయి “కార్ఖానా, కార్ఖానా” అన్నాను, అంటే కార్ఖానా జట్టు అని నా ఉద్దేశం. జార్జియన్‌లోనూ ఫ్యాక్టరీని ‘కార్ఖానా’ అనే అంటారని నాకేం తెలుసు! పారసీ నుంచి మనకూ వచ్చింది, వాళ్లకూ వెళ్లింది. ఆయన నన్ను తిన్నగా ఊరి చివర ‘అవ్తోకార్ఖానా’ పేటలో దించి 6 లారి తీసుకుని వెళ్లిపోయాడు.

స్టేడియం లేదు. పొడుగాటి గోడ, దాని వెంట ఎండిన గడ్డి, సోవియట్ కాలపు అపార్టుమెంట్లు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. కోపం వచ్చింది గానీ ఆ గోడ వెంట ఓ అరగంట నడిచాక కోపం పోయింది. కథ మొదలైంది ఇక్కడే కదా.

ఈ లారీల కార్ఖానా నిర్మాణం 1945లో మొదలైంది. గోడలు లేపినవాళ్లలో జర్మన్ యుద్ధఖైదీలూ ఉన్నారు. తొలి లారీ బయటికొచ్చింది 1951లో. ఫుట్‌బాల్ జట్టు మాత్రం 1946లోనే పుట్టింది. అంటే ఈ కార్ఖానా లారీ కన్నా ఐదేళ్ల ముందే జట్టును తయారుచేసింది! మోటారు పరిశ్రమ కార్మికుల క్రీడాసంఘానికి సోవియట్ దేశమంతటా ఒకటే పేరు, టార్పెడో. మాస్కోలో ఒక టార్పెడో, కుతాయిసిలో ఒక టార్పెడో. ఇక్కడి లారీకి ‘కొల్ఖీదా’ అని గొప్ప పేరు పెట్టారు. గ్రీకు పురాణంలో బంగారు ఉన్ని కోసం వీరులు ఓడెక్కి వచ్చిన కొల్ఖిస్ దేశం ఇదేనని. ఆ లారీకి దారి మధ్యలో ఆగిపోతుందనే అపకీర్తి మిగిలింది. ఏ లెక్కన చూసినా కార్ఖానా తీసిన సరుకుల్లో జట్టే గట్టిది.

మూలమీద చిన్న దుకాణంలో లోబియాని, అంటే ఉడికించిన చిక్కుడుగింజల ముద్ద కూరిన రొట్టె, 4 లారికి కొనుక్కుని గోడకు ఆనుకుని తిన్నాను. మిరియం ఘాటు, వెన్న జిడ్డు. ఆ యాత్రలో తిన్న పదార్థాల్లో దీనికే నా మొదటి మార్కు.

అక్టోబరు 5, పేరు మారిన మైదానం

ఈసారి మేనల్లుడితో వెళ్లాను. మ్యాచి సాయంత్రమని చెప్పి వాడి చేత తరగతి ఎగ్గొట్టించాను కూడా. గేటుకు తాళం. పట్టికను తప్పుగా చదివింది నేనే: సొంత మైదానం, బయటి మైదానం అనే గళ్లు తారుమారు చేసుకున్నాను. మ్యాచి మర్నాడట, అదీ గోరీ అనే వేరే ఊళ్లో. ఏడువేల రూపాయల బూట్లు వేసుకుని, జట్టు శాలువా కప్పుకుని, మూసిన గేటు ముందు నిలబడ్డాను.

లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. ఎక్కడివాళ్లు అన్నాడు. “ఇందొయెతి” అన్నాడు మావాడు, ఇండియా అని. రాజ్ కపూర్ పేరు వస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. రాలేదు. “మీరు ఫుట్‌బాల్ ఆడతారా?” అని అడిగాడు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం మీ సోవియట్ జట్టుదైతే, నాలుగో స్థానం మాది. మా కోచ్ రహీం గారిది మా హైదరాబాదే అని చెప్పాను. మేనల్లుడు అనువదించాడు. పెద్దాయన ముందు నన్ను, తర్వాత నా బూట్లను చూసి, తాళం తీశాడు.

లోపల కుర్రవాళ్లు సాధన చేస్తున్నారు. “మొమెత్సీ, మొమెత్సీ” అని ఒకటే అరుపులు, నాకివ్వు, నాకివ్వు అని. ఫుట్‌బాల్‌ను వీళ్లు ‘ఫెఖ్‌బుర్తి’ అంటారు; ఫెఖి కాలు, బుర్తి బంతి. మైదానం ‘మొయెదాని’. ఆ మాట వినగానే మా నాన్న గుర్తొచ్చాడు. ఫతే మైదాన్ పేరు లాల్ బహదూర్ స్టేడియంగా మారి ఎన్నేళ్లయినా ఆయన నోట ఫతే మైదానే.

ఎందుకంటే ఈ పెద్దాయనదీ అదే వరస. బోర్డు మీద రమాజ్ షెంగెలియా పేరుంది. ఆయన మాత్రం ‘కిలాద్జే’ స్టేడియం అనే అంటున్నాడు. ఇదివరకు దీనికి గివి కిలాద్జే పేరు ఉండేది. 2023లో ఇరవై ఒకటో ఏడు లోపు వాళ్ల యూరోపియన్ పోటీలు ఇక్కడ జరిగినప్పుడు ప్రపంచానికి తెలిసింది షెంగెలియా పేరే.

“షెంగెలియా కుతాయిసి పిల్లవాడే కదా?” అన్నాను.

“ఇక్కడే పుట్టాడు, ఇక్కడే నేర్చుకున్నాడు, టిబిలిసికి ఆడాడు” అన్నాడాయన. మూడు మాటలకూ మూడు వేళ్లు మడిచాడు.

ఈ జట్టు చరిత్రంతా ఆ మూడు వేళ్లలోనే ఉంది. షెంగెలియా, తెంగిజ్ సులాక్వెలిద్జె ఇద్దరూ కుతాయిసివాళ్లు, టార్పెడోలో ఎదిగినవాళ్లు. 1977 నాటికి ఇద్దరూ దినమో టిబిలిసికి వెళ్లిపోయారు. 1981లో దినమో జట్టు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్పు ఎత్తినప్పుడు జార్జియా అంతా రోడ్ల మీదికొచ్చింది. షెంగెలియా 1978లో, మళ్లీ 1981లో సోవియట్ దేశపు ఉత్తమ ఆటగాడయ్యాడు. గెలుపు రాజధానిది, పెంపకం కుతాయిసిది. ఏడేళ్లపాటు పార్లమెంటు కూడా ఈ ఊళ్లో ఉంది. 2012లో కట్టిన గాజు గోపురం ఇంకా ఉంది, సభ్యులు మాత్రం 2019లో టిబిలిసికి వెళ్లిపోయారు. మంచి ఆటగాళ్లలాగే అని పెద్దాయన చమత్కారం. ఎంపీలను మంచి ఆటగాళ్లతో పోల్చడం కాస్త ఎక్కువే అనిపించింది నాకు.

తన గదిలో టీ పెట్టి, జేబులోంచి అక్రోట్లు తీసి బల్ల మీద పోశాడు. 1962లో టార్పెడో సోవియట్ అగ్రశ్రేణి లీగుకు చేరినప్పుడు తనకు పన్నెండేళ్లట. తండ్రి కార్ఖానాలో పనిచేసేవాడు. భుజాల మీద ఎక్కించుకుని తీసుకొచ్చేవాడు. పన్నెండేళ్లవాణ్ణి భుజాల మీద ఎలా ఎక్కించుకున్నాడని నేను అడగలేదు. 1970లో జట్టు కిందికి జారింది. 1982లో మళ్లీ పైకి, 1986లో మళ్లీ కిందికి. 1990లో జార్జియా జట్లు మాస్కో లీగును వదిలి సొంత లీగు పెట్టుకున్నాయి.

“అప్పుడైనా మా వంతు వస్తుందనుకున్నాం” అన్నాడు. రాలేదు. మొదటి పది ఛాంపియన్‌షిప్పులూ దినమో టిబిలిసివే. మొదట్లో కొన్నాళ్లు పేరు మార్చుకుని ఆడినా గెలిచింది వాళ్లే. ఆ పదేళ్లూ దేశానికి ఎలాంటివో మేనల్లుడు తనంతట తాను చెప్పుకొచ్చాడు, వాడి ఇంటి యజమానురాలి దగ్గర విన్నవి: అంతర్యుద్ధం, కరెంటు లేని చలికాలాలు, రొట్టె కోసం వరసలు. మూతపడ్డ కార్ఖానాల ఊరికి ఇంకేం మిగిలిందని పెద్దాయన చేతులు విప్పి చూపించాడు.

ఆ పది తర్వాత పదకొండోది, 1999–2000 సీజను, టార్పెడో గెలిచింది. దినమో వరసను తెంచిన తొలి జట్టు. మరుసటేడూ గెలిచింది, ఆ మరుసటేడూ గెలిచింది. ఆయన ఒక్కో ఏడాదికి ఒక అక్రోటు పక్కన పెట్టాడు. 2000, 2001, 2002. కాస్త దూరంగా ఇంకొకటి: 2017. “పదిహేనేళ్లు” అన్నాడు ఆ ఖాళీని వేలితో కొలుస్తూ. 2017 ఈ ఊరికి తమాషా సంవత్సరం. అదే ఏడు, మరమ్మతు పేరుతో పాతదనం పోగొట్టారని బగ్రాతి కేథడ్రల్‌ను యునెస్కో తన జాబితాలోంచి తీసేసింది. వెయ్యేళ్ల గుడికి పోయిన పరువు జట్టు తెచ్చిందా అని అడిగితే ఆయన శిలువ గుర్తు వేసుకుని, జవాబు మింగేశాడు.

లేవబోతుంటే కూర్చోమన్నాడు. రెండు అక్రోట్లు దగ్గరగా పెట్టాడు. “మాలగా, 1982” అన్నాడు. ప్రపంచకప్పు, స్కాట్లండుతో మ్యాచి. రెండు అక్రోట్లు ఇద్దరు స్కాటిష్ రక్షకులు, హాన్సెన్, మిల్లర్. ఒకే బంతి కోసం పరుగెత్తి ఒకరినొకరు గుద్దుకున్నారు. టక్కుమని కొట్టి చూపించాడు. మూడో అక్రోటు షెంగెలియా. చూపుడు వేలితో దాన్ని దొర్లించుకుంటూ టీ కప్పుల మధ్య నుంచి బల్ల చివరిదాకా పోనిచ్చాడు. గోలు! ఆ మ్యాచి రెండు రెండుతో ముగిసింది, స్కాట్లండు ఇంటికి వెళ్లింది. గుద్దుకున్న రెండింటినీ అరచేతుల మధ్య పెట్టి పగలగొట్టి పప్పులు మాకిచ్చాడు. షెంగెలియాను తిరిగి జేబులో వేసుకున్నాడు.

అక్టోబరు 6, త్స్‌ఖాల్తుబో, రాత్రి విందు

పగలు మార్ష్రుత్కాలో పక్కనే ఉన్న త్స్‌ఖాల్తుబో వెళ్లాం. స్టాలిన్ స్నానం చేసిన వేడినీళ్ల ఊరు. పెద్ద పెద్ద స్తంభాల విశ్రాంతి గృహాలు, పైకప్పుల్లో చెట్లు. అబ్ఖాజియా యుద్ధంలో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి వీటిలోనే తలదాచుకున్నారు. వింతలా ఫొటోలు తీయడానికి నాకు చేయి రాలేదు. ఈ చిన్న ఊరికీ సొంత జట్టుంది, సంగూరలి.

సాయంత్రం పెద్దాయన ఇంటికి పిలుపు. ఊరి అంచున ద్రాక్షపందిరి కింద బల్ల. భూమిలో మెడదాకా పూడ్చిన కుండను ఈ ప్రాంతంలో ‘చూరి’ అంటారు. మూత తీస్తే ఇంకా పొంగుతున్న కొత్త ద్రాక్షసారా వాసన. పూర్తిగా పులియని ఆ తీపి రసం పేరు ‘మచారి’. మట్టికుండలో లోబియో అనే చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె, అక్రోటు ముద్ద పూసిన వంకాయ, చీజ్ కూరిన ఇమెరేతి ఖచాపురి రొట్టె. అక్రోటు లేనిదే విందు లేదు. మనకు కొబ్బరి ఎలాగో వాళ్లకు అది అలాగ. ఆయన మావాడి గ్లాసు నింపాడు. వాడు నా వైపు చూశాడు. నేను పందిరి వైపు చూశాను. చెల్లెలికి ఈ వాక్యం చదివి వినిపించవద్దని మనవి.

గోరీలో మ్యాచి మొదలైంది. పెద్దాయన కొడుకు ఫోనును నీళ్లకూజాకు ఆనించి పెట్టాడు. కానీ బల్లకు ఒక పెద్ద ఉంటాడు, ‘తమదా’. ఆయన మాట్లాడుతుంటే ఎవరూ ఇంకో వైపు చూడకూడదు. మా తమదా పెద్దాయనే. దేవుడికి, శాంతికి, అతిథులకు, తల్లులకు వరసగా మాట్లాడాడు, ఒక్కోటీ పది నిమిషాలు. ప్రతిసారీ ఫోనును బోర్లా తిప్పి పెట్టడం, గ్లాసులు ఖాళీ అయ్యాక మళ్లీ నిలబెట్టడం. ఒక గోలు బోర్లా ఉండగా పడింది. అరుపు వినబడింది, తిప్పి చూసే ధైర్యం ఎవరికీ లేదు.

తర్వాతి మాట చనిపోయినవాళ్ల కోసం. అందరూ లేచారు. రొట్టె ముక్క మీద కొన్ని చుక్కలు ఒలికించి పేర్లు తలుచుకోవాలి. ఆయన తండ్రి పేరు చెప్పాడు, భార్య పేరు చెప్పాడు. కాసేపు ఆగి, “రమాజ్” అన్నాడు. షెంగెలియా 2012లో పోయాడు, యాభై ఐదేళ్లకే. రొట్టె మీద మిగతావాళ్ల కన్నా ఎక్కువే ఒలికిందనిపించింది. నా వంతు వచ్చింది. నాన్న పేరు చెప్పాను. ఆయన ఏం చేసేవాడని అడిగితే, ఫుట్‌బాల్ చూసేవాడని చెప్పాను. అది వృత్తే అన్నట్టు అందరూ తలలూపారు.

ఫోను తిప్పేసరికి మ్యాచి అయిపోయింది. ఓడిపోయాం.

అక్టోబరు 8, తిరుగు ప్రయాణం

గెలాతి మఠం చూశాను, 1106లో దావీద్ రాజు పునాది వేసినది. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ ఎండ మాత్రం బాగుంది.

మేనల్లుడి ఇంటి యజమానురాలు బస్టాండుదాకా వచ్చింది. వారం రోజులు ‘మామ’ అన్నా దిద్దని పాపం అక్కడ తగిలింది. చుర్చ్‌ఖేలాలు ఐదు పాత పత్రికలో చుట్టి నా చేతిలో పెట్టి, “దెదాకు” అంది, వాడి అమ్మకని. అంతవరకు బాగానే ఉంది. మావాడు నవ్వు ఆపుకుంటూ అనువదించిన రెండో మాట: “మీ ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి, ఇంత మంచి కొడుకును కన్నది, చూడాలి.” తప్పకుండా తీసుకొస్తానన్నాను. ఇంకేమనగలను?

చెల్లెలు ఖమ్మంలో ఉంటుంది. వచ్చే ఆదివారం వెళ్లి ఇవ్వాలి. ఐదింటిలో ప్రస్తుతం మేకుకు వేలాడుతున్నది ఒకటి.